త్రాగి బండి నడుపు నేరము: సాక్ష్యము, ఒప్పుకోలు

2025 అక్టోబరు 24వ తేదీ తెల్లవారుజామున కర్నూలు సమీపమునందలి చిన్నటేకూరువద్ద, హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవుచుండిన బస్సొకటి అగ్ని కాహుతియై, అందలి ప్రయాణికులు 19 మంది సజీవదహనమైరి. అంతకు కొంచెము ముందే అదే రహదారిపై ఒక మోటారు సైకిలు పడిపోయి, దానిని నడపినవాడు మరణించి యుండెను. త్రోవ కడ్డముగ పడియున్న ఆ వాహనమును బస్సు ఢీకొని ఈడ్చుకొనిపోయెను. మోటారు సైకిలు నడపినవాడు మద్యము సేవించి యుండెనని పోలీసువారు ప్రకటించిరి. ఆ ఘోరమునకు బస్సు నిర్మాణము మొదలైన ఇతర కారణములును ఉండవచ్చును. అవి వేరుగ విచారింపదగినవి. కాని త్రాగినవాడు బండి యెక్కుట తన యొక్కని ప్రాణముతోడి జూదము కాదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

కావున మేమీ దినమున వ్రాయబోవునది త్రాగి బండి నడుపువారి పక్షమున వేసిన వకాల్తా యని యెవ్వరును తలపకుందురు గాక. 2022వ సంవత్సర మొక్కదానియందే ఈ దేశపు రోడ్లమీద 1,68,491 మంది మరణించిరని కేంద్ర ప్రభుత్వపు లెక్కలే చెప్పుచున్నవి. ఒక పట్టణమునకు సరిపడు జనము ఒక్క యేటిలో నశించినట్లయినది. ఇట్టి స్థితిలో త్రాగి బండి నడుపువానిని శిక్షింపవలదనువాడు లోకహితమును కోరువాడు కాడు. శిక్షింపవలెను, అందు సందేహము లేదు. అయితే శిక్షకు ముందు రుజువు ఉండవలెను. రుజువునకు బదులుగ ఒప్పుకోలును తెచ్చుకొని తృప్తిపడు న్యాయము బలవంతుని యెడ బలహీనమై, బలహీనుని యెడ బలవంతమగును. ఈ విషయమునే పాఠకుల ముందుంచ దలచినాము.

ఇట్టి కేసులు విచారించు మేజస్ట్రీటు కోర్టునకు ఒక ఉదయమున పోయి చూచిన, విషయము బోధపడును. వారాంతపు తనిఖీలలో పట్టుబడినవారు వరుసగ నిలిచియుందురు. ఆఫీసు ఉద్యోగి, ఆటో తోలువాడు, కళాశాల విద్యార్థి, మేస్త్రి, చిన్న వర్తకుడు. పేరు పిలుతురు. యంత్రము చూపిన అంకె యింత యని చదువుదురు. "ఒప్పుకొనుచున్నావా?" అని ప్రశ్న. "ఒప్పుకొనుచున్నాను" అని సమాధానము. జరిమానా యెంతో చెప్పుదురు. తరువాతి పేరు పిలుతురు. యంత్రమును చూచినవారు లేరు. దానిని నిర్వహించిన ఉద్యోగిని ప్రశ్నించినవారు లేరు. ఒప్పుకొన్నవాడు తానేమి ఒప్పుకొనెనో యెరిగియుండెనా యని అడిగినవారును అరుదు. రుజువు నిద్రించుచుండగా ఒప్పుకోలే పని యంతయు చేయుచున్నది.

మొదట నేరమెట్టిదో తెలిసికొందము. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 185వ సెక్షను, లోకులు తలచునట్లు, "మత్తులో తూలుట"ను శిక్షించునది కాదు. మద్యము విషయమున నది ఒక అంకెను శిక్షించును. నూరు మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి మద్యసారముండి, ఆ సంగతి శ్వాసపరీక్షా యంత్రమువలన గాని, 2019 సవరణ చేర్చినట్లు ప్రయోగశాల పరీక్ష మొదలగు ఇతర పరీక్షవలన గాని తేలినచో నేరము పూర్తియగును. ఇంగ్లండులో 1967 నుండి అమలుననున్న పరిమితి 80 మిల్లీగ్రాములు. మనది అందు సగమైన లేదు. ఇది కఠినమే గాని తగిన కాఠిన్యమే. అయితే దీని ఫలితమును గ్రహింపవలెను. నడక తడబడనివాడు, మాట తొట్రుపడనివాడు కూడ ఈ చట్టము దృష్టిలో దోషి కావచ్చును. కంటికి కనబడు లక్షణములు సాక్ష్యమగుట మానినవి, అంకెయే సాక్ష్యమైనది. అంకెయే నేరమైనచోట ఆ అంకె యెట్లు పుట్టినదను ప్రశ్నయే న్యాయమునకు ప్రాణము.

ఈ మార్పు ఊరక వచ్చినది కాదు. మహారాష్ట్రమునుండి వచ్చిన యొక అప్పీలులో, 1971లో సుప్రీంకోర్టు, నోట మద్యపు వాసన వచ్చుట, నడక తూలుట, మాట తడబడుట, కనుపాపలు విప్పారియుండుట, ఇవన్నియు కూడినను ఒకడు మత్తులో నుండెనని నిర్ణయించుటకు చాలవనియు, రక్తమునో మూత్రమునో పరీక్షింపవలసి యుండెననియు చెప్పెను. పోలీసు ఉద్యోగి ముక్కును నమ్మి యొకని జైలునకు పంపరాదన్నమాట. శాస్త్రీయమైన కొలత కావలెనని కోరినది న్యాయస్థానమే. కాబట్టి ఆ కొలత నిజముగ శాస్త్రీయముగ నున్నదా యని చూచుటయు న్యాయస్థానపు విధియే.

ఇక యంత్రమును గూర్చి. అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున బోర్కెన్‌స్టైన్ అను నతడు 1954లో శ్వాసపరీక్షా యంత్రమును నిర్మించెను. నేడు మన రోడ్లమీద సాధారణముగ వాడునవి వేరు విధానమున పనిచేయును. ఊదిన గాలిలోని మద్యసారము యంత్రములోని ప్లాటినపు పలకపై ఆక్సీకరణము చెంది స్వల్పమైన విద్యుత్తును పుట్టించును. ఆ విద్యుత్తును కొలిచి యంత్రము అంకె చూపును. అయితే అది కొలుచునది శ్వాసను. చట్టము అడుగునది రక్తమును. ఒక పాలు రక్తములో నుండు మద్యసారము 2,100 పాళ్ల శ్వాసలోని మద్యసారమునకు సమమను లెక్క ననుసరించి, శ్వాసలోని అంకెను రక్తపు అంకెగ మార్చుదురు. ఈ లెక్క సగటు మనుష్యునికి వర్తించునది; మనిషి మనిషికిని కొంత భేదముండును. నూటికి నూట యేబది చూపినవాని విషయమున ఈ భేదము లెక్కలోనిది కాదు. కాని ముప్పదియైదు చూపినవాని విషయమున ఈ భేదమే నేరమునకును నిర్దోషిత్వమునకును నడిమి గోడ.

మరికొన్ని సంగతులు గలవు. మద్యముగల ద్రవముతో అప్పుడే నోరు పుక్కిలించినను, అప్పుడే గుటక వేసినను, నోటిలో నిలిచిన మద్యసారమును యంత్రము ఊపిరితిత్తులనుండి వచ్చినదానివలెనే లెక్కించును. కనుకనే పదునైదు నిమిషములు వేచి పరీక్షింపవలెనని నియమము పెట్టుకొందురు. ఒకరిని పరీక్షించిన తరువాత మరియొకరిని పరీక్షించుటకు ముందు యంత్రము ఉత్తగాలిలో సున్న చూపవలెను. చూపనిచో ముందువాని పాపము వెనుకవాని తలకు చుట్టుకొనును. నిర్ణీత కాలమునకు ఒకసారి తెలిసిన ప్రమాణముతో దానిని సరిచూడవలెను. కిరాణాకొట్టు తక్కెడకు ముద్ర వేయించవలెనని శాసించు ప్రభుత్వము, మనిషి స్వేచ్ఛను తూచు తక్కెడకు అంతకంటె తక్కువ జాగ్రత్త చూపుట తగునా?

రక్తపరీక్ష ఇంతకంటె దృఢమైనది. కాని అదియు మనుష్యుల చేతులమీదుగనే నడచును. సూది గ్రుచ్చు చోటును స్పిరిటుతో తుడిచిన ఆ స్పిరిటే సాక్ష్యమును పాడుచేయవచ్చును. సీసాలో సోడియం ఫ్లోరైడు మొదలగు సంరక్షక ద్రవ్యము వేయనిచో, వేడిలో నిలువయుండిన రక్తము పులిసి తనంతట తానే మద్యసారమును పుట్టింపగలదు. మూత సరిగ బిగింపనిచో ఉన్నది హరించిపోవచ్చును. తీసినవా డెవరు, ముద్ర వేసినవా డెవరు, ఎక్కడ నుంచిరి, ప్రయోగశాలకు ఎవరు కొనిపోయిరి, ఈ గొలుసులో ఒక్క కొలికి ఊడినను వకీలుకు చాలును.

కాలము మరియొక సాక్షి. త్రాగుట మానిన కొంతసేపటికి రక్తములోని మద్యసారము గంటకు నూటికి సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుచుండును. రోడ్డుమీద 50 ఉన్నవాడు రెండు మూడు గంటలలో పరిమితికి లోబడవచ్చును. కావుననే చట్టము, ఈ నేరమున అరెస్టు చేసినవానిని రెండు గంటలలోపల వైద్యపరీక్షకు గురిచేయవలెననియు, చేయనిచో వదలివేయవలెననియు 202వ సెక్షనులో శాసించెను. ఆ గడువు ముద్దాయికి రక్ష, సాక్ష్యమునకును రక్షయే. దీనిని పాటించుట పోలీసువారికి భారమని కొందరందురు. పాటింపకుండుట కేసునకే భారమని మేమందుము.

"నా ఊపిరి నాపైననే సాక్ష్యమగుటా? రాజ్యాంగము దీనిని నిషేధింపలేదా?" అని అడుగువారు కలరు. ఈ వాదము నిలువదు. వ్రేలిముద్రలు, చేవ్రాలు మొదలగునవి ఇచ్చుట తనపై తాను సాక్ష్యము పలుకుట కాదని సుప్రీంకోర్టు పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 1961లోనే తీర్పు చెప్పెను. ఊపిరియు రక్తమును ఆ కోవలోనివే. అంతేకాదు, పరీక్షకు నిరాకరించినవాడు తగిన కారణము చూపనిచో, ఆ నిరాకరణమే ప్రాసిక్యూషను సాక్ష్యమును బలపరచు పరిస్థితిగ ఊహింపవచ్చునని 205వ సెక్షను చెప్పుచున్నది. ఊదకుండ తప్పించుకొనుటయే తెలివి యని స్నేహితులకు ఉపదేశించు బుద్ధిమంతులు దీనిని గమనింతురు గాక.

ఇక ఒప్పుకోలును గూర్చి విచారింతము. మన ప్రాచీన ధర్మశాస్త్రజ్ఞులు వ్యవహారమునకు నాలుగు పాదములు చెప్పిరి. వాది చెప్పునది భాష. ప్రతివాది చెప్పునది ఉత్తరము. రుజువు చేయుట క్రియ. తుదకు తేలునది సాధ్యసిద్ధి. ఉత్తరమునే మరల నాలుగు విధములుగ విభజించిరి: లేదనుట, ఔననుట, ఔనని వేరు కారణము చూపుట, ఇది యింతకు మునుపే తీర్పయినదనుట. ఇందు ఔననుటకు సంప్రతిపత్తి యని పేరు. సంప్రతిపత్తి యున్నచోట వ్యవహారము రెండు పాదములతోనే ముగియుననియు, రుజువుతో పనిలేదనియు మితాక్షర చెప్పుచున్నది. ఆ గ్రంథమును కేతన పదుమూడవ శతాబ్దముననే తెలుగున పద్యములుగ పాడెను. కావున ఈ విభాగము మన భాషకు క్రొత్తది కాదు. నేటి మేజస్ట్రీటు కోర్టులో జరుగుచున్నది సరిగ నిదియే. నాలుగు కాళ్ల న్యాయము రెండు కాళ్లమీద నడచుచున్నది. రెండు కాళ్లమీద నడచుట తప్పు కాదు. కాని ఆ రెండును గట్టివై యుండవలెను. తెలిసి పలికిన ఔనే సంప్రతిపత్తి. తెలియక పలికినది వట్టి మాట.

నేటి చట్టమును ఈ జాగ్రత్తను మరువలేదు. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారమును, దానికి ముందున్న క్రిమినలు ప్రొసీజరు కోడు ప్రకారమును, ఇట్టి కేసులలో ఆరోపణ సారాంశమును ముద్దాయికి తెలుపవలెను. అతడు ఒప్పుకొన్నచో ఆ ఒప్పుకోలును వీలైనంతవరకు అతని మాటలలోనే వ్రాసికొనవలెను. ఈ "అతని మాటలలోనే" యను నియమమున గొప్ప వివేకము గలదు. "రెండు గ్లాసులు కల్లు త్రాగితిని, గాని ఇల్లు దగ్గరేనని బయలుదేరితిని" అనుట ఒక ఒప్పుకోలు. "సారు ఒప్పుకొమ్మన్నాడు, ఒప్పుకొనుచున్నాను" అనుట మరియొకటి. రెండింటిని ఒకే అచ్చు వాక్యముగ మార్చి వ్రాసినచో చట్టము కోరిన భేదము మాసిపోవును.

ఒప్పుకొనువానికి తెలియవలసిన ఫలితములెన్ని? మొదటి నేరమునకు ఆరు నెలలవరకు ఖైదు గాని, పదివేల రూపాయల జరిమానా గాని, రెండును గాని. మరల చేసిన రెండు సంవత్సరములవరకు ఖైదు గాని, పదునైదువేల జరిమానా గాని, రెండును గాని. ఇది రోడ్డుమీద చలాను కట్టి పోదగిన నేరము కాదు. శిక్ష పడినప్పుడు ఆరు నెలలకు తక్కువ కాకుండ లైసెన్సునకు అనర్హుని చేయవలెనని 20వ సెక్షను న్యాయస్థానమునకు విధించినది. ఒప్పుకొన్నవానికి తరువాత శిక్ష యెంత, అది చట్టబద్ధమా యను విషయములందు తప్ప అప్పీలు లేదు. ఉద్యోగస్థునికి ఇది జరిమానా రసీదుగ తోచవచ్చును. స్టీరింగుతో పొట్టపోసికొను ఆటోవానికి, లారీ డ్రైవరునకు ఆరు నెలలు లైసెన్సు లేకుండుట అనగా ఆరు నెలలు పొయ్యిలో పిల్లి లేవకుండుట. ఈ సంగతి అతనికి ఒప్పుకొనకముందు చెప్పవలెనా, ఒప్పుకొన్న తరువాత తెలియవలెనా?

శిక్షతోనే విషయము ముగియదు. భీమా కంపెనీ లెక్క వేరు. డిల్లీలో కాలిపోయిన ఒక విలువైన కారు విషయమున, 2021 ఏప్రిలులో సుప్రీంకోర్టు, శ్వాసపరీక్షయు రక్తపరీక్షయు లేకపోయినను, డాక్టరు వ్రాసిన మద్యపు వాసనయు ప్రమాదపు తీరును బట్టి, మత్తులో నడపిన బండికి పరిహారమీయనక్కరలేదను షరతును కంపెనీ ఉపయోగించుకొనవచ్చునని తీర్పు చెప్పెను. జైలునకు పంపుటకు చాలని వాసన, పాలసీ సొమ్ము నిరాకరించుటకు చాలవచ్చును. క్రిమినలు న్యాయమునకు కావలసిన రుజువు వేరు, సివిలు వ్యవహారమునకు కావలసిన రుజువు వేరు. ఇందు విరోధము లేదు. కోర్టులో గెలిచితిమని మీసము మెలివేయువారు, నష్టపరిహారపు లెక్కలో ఓడిపోగలరని బండ్లుగల మా పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

ఇప్పుడు నాణెమునకు రెండవ ప్రక్క చూడుడు. బీదవాడు రుజువు నడుగక ఒప్పుకొనుచుండగా, ధనవంతుడు రుజువును ముక్కలు చేసి బయటపడుచున్నాడు. ముంబయిలోని బాంద్రాయందు 2002లో ఒక కారు కాలిబాటపై నిద్రించువారిమీదికి పోయి ఒకడు మరణించి, నలుగురు గాయపడిరి. ప్రసిద్ధుడైన ముద్దాయికి 2015 మే నెలలో సెషన్సు కోర్టు అయిదేండ్ల ఖైదు విధించెను. అదే సంవత్సరము డిసెంబరులో హైకోర్టు ఆ శిక్షను రద్దుచేసి అతనిని నిర్దోషి యనెను. రక్తపు నమూనాను తీసి భద్రపరచి ప్రయోగశాలకు చేర్చిన తీరుపై హైకోర్టు శంక వెలిబుచ్చెను. ఆ తీర్పు నిందింపదగినదని మేమనము. సందేహము కలిగినప్పుడు దాని ఫలము ముద్దాయి కీయవలసినదే. మా ప్రశ్న యొక్కటే: ఆ సీసాను గూర్చి పరీక్షించినంత సూక్ష్మముగ, ఒక మేస్త్రి ఊపిరిని గూర్చి యెవరైన ఎన్నడైన పరీక్షించిరా?

2024 మే నెలలో పుణే నగరమున ఒక ఖరీదైన కారు ఇద్దరు యువ ఇంజనీరుల ప్రాణములు తీసెను. నడపినవాడు మైనరు. ఆసుపత్రిలో అతని రక్తపు నమూనాకు బదులు మరియొకరి రక్తము నుంచిరనియు, కుటుంబపు డ్రైవరుచేత నేరము నెత్తిన వేసికొనజేయ బ్రయత్నించిరనియు పోలీసువారు ఆరోపించి, వైద్యులను సైత మరెస్టు చేసిరి. ఆరోపణ ఆరోపణయే, దానిని తేల్చవలసినది న్యాయస్థానము. కాని ఇట్టి ఆరోపణ విని దేశమున నెవ్వరును ఆశ్చర్యపడకుండుటయే మిక్కిలి ఆశ్చర్యకరము. యజమాని నేరమును జీతగాడు ఒప్పుకొనుట మన యూళ్లలో విననిది కాదు గదా! ఒప్పుకోలుమీదనే ఆధారపడు న్యాయమునకు ఇదియే పెద్ద గండము. తెలియక ఒప్పుకొనువాడు ఒకడు. కూలికి ఒప్పుకొనువాడు మరియొకడు. ఇరువురి మాటయు సత్యము కాదు.

దీనికి ప్రత్యుత్తరముగ చెప్పు మాటలు మేమెరుగుదుము. పట్టుబడినవారిలో పెక్కురు నిజముగ త్రాగినవారే యందురు. నిజమే. ప్రతివాడును విచారణ కోరినచో కోర్టులు స్తంభించుననియు నందురు. అదియు కొంతవరకు నిజమే. కాని మేము ప్రతివానిని విచారణ కోరుమని చెప్పుట లేదు. ఒప్పుకోలు లేకున్నను నిలువగల రుజువు ప్రతి కేసులోను సిద్ధముగ నుండవలెనని మాత్రమే చెప్పుచున్నాము. రుజువు గట్టిదైనచో దోషి తానే ఒప్పుకొనును; వకీలు కూడ ఒప్పుకొనుమనియే సలహా ఇచ్చును. రుజువు వదులైనచో ధనికుడు దానిలోనుండి జారిపోవును, బీదవాడు దానిలో చిక్కుకొనును. వదులు వలలో పెద్దచేప నిలువదు.

కనుక మేము ప్రభుత్వములను, న్యాయాధికారులను కోరునవి కొన్నియే గలవు. యంత్రమును ఎప్పుడు సరిచూచిరో తెలుపు పత్రము ప్రతి కేసు కాగితములలో నుండవలెను. పరీక్షకు ముందు సున్న చూపిన కాగితమును, పరీక్షలో వచ్చిన అంకె కాగితమును, రెండింటిని ముద్దాయి చేతికీయవలెను; టైపు చేసిన నకలుతో సరిపుచ్చరాదు. పరిమితికి కొంచెముగ మించినవారికిని, తాను త్రాగలేదని చెప్పువారికిని రెండు గంటలలోపల రక్తపరీక్ష జరుపవలెను. ప్రతి తనిఖీ రాత్రియందును ఏ ఆసుపత్రిలో ఏ వైద్యుడు సిద్ధముగ నుండునో ముందే యేర్పాటు చేయవలెను. కోర్టులో పేరు పిలుచుటకు ముందు, ఒప్పుకొన్న నేమగునో తెలుగున అచ్చువేసిన కాగిత మొకటి ప్రతివాని కీయవలెను. చదువరానివానికి చదివి వినిపింపవలెను. 1987 నాటి న్యాయసేవల చట్టముక్రింద నియమితుడైన ప్లీడరొకడు ఆ గదిలో నుండవలెను. ఇవి కోట్ల వ్యయముతో కూడిన కోరికలు కావు.

బండిని గూర్చియు ఒక మాట. త్రాగినవాని వెంట త్రాగని లైసెన్సుదారు డున్నచో బండిని స్వాధీనము చేసికొనరాదనియు, ఎవ్వరును లేనిచో బంధువునకో స్నేహితునికో కబురంపి అప్పగింపవలెననియు, ఎవరును రానప్పుడే తాత్కాలికముగ ఠాణాలో నుంచవలెననియు 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు ఆదేశించెను. ఉద్దేశము త్రాగినవాని చేతినుండి తాళపుచెవి తీసికొనుట. అతని యింటివారి జీవనాధారమును తీసికొనుట కాదు. ఈ వివేకమే సాక్ష్యము విషయమునను, ఒప్పుకోలు విషయమునను కావలెనని మేము కోరుచున్నాము.

తుదకు మా పాఠకులకు మనవి. మీలో భూవసతి గలవారు, వర్తకులు, ఉద్యోగులు, ఊరిలో మాట చెల్లుబడి గలవారు పెక్కురు కలరు. అర్ధరాత్రి మీ యింటి పిల్లవాడు పట్టుబడినాడని టెలిఫోను వచ్చినప్పుడు, ముందుగ ఎవరికి సిఫారసు చేయింతమా యని తలపవలదు. పరీక్ష నిరాకరింపవలదని అతనికి చెప్పుడు. అతడు త్రాగలేదన్నచో రక్తపరీక్ష కోరి, దాని కాగితము సంపాదింపుడు. ఆ హక్కు కొరకు నిలువుడు. త్రాగినది నిజమైనచో న్యాయస్థానమున నిజమే చెప్పనిండు. మీ డ్రైవరును మాత్రము అతని స్థానమున నిలుపకుడు. పిల్లవాని దోషమునకు పిల్లవాడే తలవంచుట ఆ కుటుంబమునకు అవమానము కాదు. జీతగాని తలవంచించుట అవమానము.

మద్యమును అమ్మి ఆదాయము గడించు ప్రభుత్వమే, త్రాగినవానినుండి జరిమానాయు గడించుచున్నది. 1995లో ఆంధ్రప్రదేశమున సంపూర్ణ మద్యనిషేధము వచ్చుటయు, 1997లో అది సడలుటయు మన కన్నులయెదుటనే జరిగినవి. ఆ చర్చ వేరు; దానిని నేడు విప్పము. అమ్మకము ఉన్నంతకాలము తనిఖీయు ఉండవలసినదే. కాని రెండువైపుల ఆదాయము పొందువానికి తన తక్కెడ సరిగ నున్నదని చూపు బాధ్యత రెట్టింపగును.

చిన్నటేకూరువద్ద మరణించినవారు ఏ న్యాయస్థానమునకును రాలేరు, నడపినవాడును బోనెక్కలేడు. బ్రతికియున్నవారిని గూర్చియే మన చట్టము ఏమైనను చేయగలుగును. దోషిని దోషియని నిలువరించుటకు గట్టి రుజువు, ఒప్పుకొనువానికి తెలిసి పలికిన మాట, ఈ రెండును సమకూరిననాడు శిక్షకు భయమును గౌరవమును రెండును కలుగును. అవి లేని శిక్షను జనులు జరిమానాగనే లెక్కింతురు. జరిమానా కట్టినవాడు మరుసటి శనివారము మరల బండి యెక్కును.